ఏ ఎదురుగా రాబందు: ఈజిప్ట్ బొమ్మల లిపి ఏబీసీడీల్లాంటిదేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఆరో తరగతి చదివే మీ అమ్మాయి స్కూలు ప్రాజెక్టు కోసం నెట్‌లో ఒక చార్ట్ దించుకుంది. అందులో ఏ నుంచి జెడ్ దాకా ఒక్కో ఇంగ్లీష్ అక్షరం ఎదురుగా ఒక్కో ఈజిప్ట్ బొమ్మ ఉంది. దాంతో ఇంట్లో అందరి పేర్లూ రాసేసి గోడకి అంటించేసింది. ఇప్పుడు మీ సందేహం, ఆ చార్ట్ నిజమేనా, పాతకాలపు ఈజిప్ట్ వాళ్ల రాత కూడా ఏబీసీడీల్లాంటిదేనా, కాకపోతే అక్షరాల బదులు బొమ్మలు గీసుకున్నారా అని.

సూటిగా చెప్పేస్తా. కాదండి. ఆ చార్ట్ పూర్తిగా అబద్ధమూ కాదు, కానీ ఈజిప్ట్ లిపి అలా పనిచెయ్యదు. ఇంగ్లీష్‌లో ఉన్నవి 26 అక్షరాలు, అన్నీ శబ్దం కోసమే. ఈజిప్ట్ లిపి బాగా కుదురుకున్న కాలంలో వాడిన గుర్తులు ఏడెనిమిది వందలు. వాటిలో కొన్ని శబ్దాన్ని చెబుతాయి, కొన్ని అర్థాన్ని చెబుతాయి, చాలావాటికి రెండు పనులూ చేతనవును, ఎక్కడ ఏ పని చేస్తోందో చదివేవాడు పోల్చుకోవాలి. ఇక చార్టులు చెప్పని అసలు సంగతి ఒకటుంది: ఇంగ్లీష్ ఏబీసీడీలు పుట్టింది ఆ ఈజిప్ట్ బొమ్మల్లోంచే. కాకపోతే ఆ చార్ట్ చూపించే దారిలో కాదు. దాని దగ్గరికి తర్వాత వస్తా.

నా సంగతి రెండు ముక్కలు. చిన్నప్పుడు హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో మమ్మీని చూసిన రోజున పట్టుకున్న పిచ్చి ఇది. ఉద్యోగం మీద లండన్‌లో ఉన్నన్నాళ్లూ సాయంత్రం క్లాసులకి వెళ్లి మధ్య ఈజిప్షియన్ భాష నేర్చుకున్నా, ఇప్పుడు సెలవుల్లో పిల్లలకి సరదాగా నేర్పిస్తుంటా. ప్రొఫెసర్ని కాను గానీ ఈ చార్టులతో నాకు పాత పరిచయం, ప్రతి క్లాసులోనూ ఎవరో ఒకరు పట్టుకొస్తారు.

ముందు శబ్దాల విషయం. ఈజిప్ట్ గుర్తుల్లో ఒక్క హల్లుని మాత్రమే చెప్పేవి ఓ 24 ఉన్నాయి. నోటి బొమ్మ ర, గుడ్లగూబ మ, కొమ్ముల పాము ఫ, నీటి అల న, కౌజుపిట్ట పిల్ల వ, ఇలా. మీ చార్ట్ ఈ 24 మీదే నిలబడింది. అవి కాక రెండు హల్లులు కలిపి ఒకే గుర్తుగా పలికేవి, మూడు హల్లులు పలికేవి కూడా పదుల కొద్దీ ఉన్నాయి. ఇంటి నక్షా బొమ్మ ‘ప-ర’, గుండె మీద గొట్టం నిలబెట్టినట్టుండే బొమ్మ ‘న-ఫ-ర’. చార్టులో వీటి ఊసే ఉండదు. మన గుణింతాలు వదిలేసి వట్టి సగం హల్లులే నేర్పిన పుస్తకం ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

అచ్చులు అసలు రాయరు. ఇంగ్లీష్‌తో పోలిస్తే పెద్ద తేడా ఇదే, మన పిల్లలకి ఇంగ్లీష్ కంటే తెలుగులో చెబితేనే ఇది తేలిగ్గా ఎక్కుతుంది. గుణింతాలూ ఒత్తులూ లేకుండా ‘క-ల’ అని రెండు హల్లులు రాశాననుకోండి. అది కల కావచ్చు, కాలు కావచ్చు, కల్లు, కీలు, కూలి, కోల, ఏదైనా కావచ్చు. మరి చదివేవాడికి ఎలా తెలియాలి? పక్కన కాలు బొమ్మ గీస్తే కాలు. కుండ గీస్తే కల్లు. పడుకున్న మనిషిని గీస్తే కల. ఈజిప్ట్ వాళ్లు చేసింది అచ్చంగా ఇదే. పదం చివర ఒక బొమ్మ పెడతారు, దాన్ని పైకి చదవరు, అది ఏ కోవకి చెందిన మాటో చెప్పడానికే ఉంటుంది. దీన్ని నేను క్లాసులో ‘సైగ బొమ్మ’ అంటాను, నేను పెట్టుకున్న పేరే లెండి.

నిజమైన ఉదాహరణ ఒకటి. రాతపనికి సంబంధించిన మాట వాళ్ల భాషలో ‘సెష్’. లేఖకుడి సరంజామా, అంటే సిరా పలకా నీళ్ల సంచీ కలం గొట్టం కలిపి కట్టిన బొమ్మ గీసి, పక్కన కూర్చున్న మనిషిని పెడితే ‘లేఖకుడు’. అదే బొమ్మ పక్కన పపైరస్ (రెల్లుతో చేసిన కాగితం) చుట్ట పెడితే ‘రాత’. శబ్దం రాసిన తీరు ఒకటే, సైగ బొమ్మ మారింది, మాట మారిపోయింది. ఇంకో మేలు ఏమిటంటే వాళ్లు మాటకీ మాటకీ మధ్య ఖాళీ వదిలేవాళ్లు కాదు, సైగ బొమ్మ కనబడిందంటే అక్కడ మాట అయిపోయిందని గుర్తు. నాకు మొదటి ఏడాది గుంపులో దారి తప్పకుండా కాపాడింది ఇవే.

మరి బొమ్మ శబ్దంగా ఎలా మారింది? ఇక్కడా తెలుగే సాయం. ‘నూరు’ అంటే వంద, ‘నూరు’ అంటే రోట్లో వేసి నూరడం. 100 అని అంకె వేసి పక్కన రోలు గీశాననుకోండి, పచ్చడి సంగతేనని తెలిసిపోతుంది. 6 వేసి పక్కన దండెం మీద చీర గీస్తే బట్టలు ఆరాయని అర్థం. వాళ్లూ అంతే: ‘ప-ర’ అంటే ఇల్లు, అవే హల్లులతో బయటికి వెళ్లడం అనే క్రియ కూడా ఉంది. ఇంటి బొమ్మ వేసి, ర శబ్దాన్ని మళ్లీ గట్టి చెయ్యడానికి నోటి బొమ్మ వేసి, చివర నడుస్తున్న రెండు కాళ్లు వేస్తే ‘బయటికి వెళ్లు’ అయింది. ఇంటి గోడలకీ వెళ్లడానికీ అర్థంలో ఏ సంబంధమూ లేదు, శబ్దం కలిసింది అంతే. క్రీ.పూ. 3100 ప్రాంతపు నర్మెర్ రాజు పేరు కూడా ఇలాగే రాశారు, మన జెల్ల లాంటి మీసాల చేప ‘నర్’, ఉలి ‘మెర్’. చేపకీ ఉలికీ రాజుకీ ఏం చుట్టరికం అని తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

కానీ జనం శతాబ్దాల తరబడి అలాగే బద్దలు కొట్టుకున్నారు. ప్రతి బొమ్మలోనూ ఏదో గూఢార్థం, రహస్య జ్ఞానం దాగి ఉందని యూరప్ పండితులు పెద్ద పెద్ద గ్రంథాలే రాశారు, అన్నీ తప్పులే. 1799లో రొజెట్టా రాయి దొరికింది. అందులో ఒకే శాసనం మూడు తీర్లలో ఉంది: బొమ్మల లిపి, డెమోటిక్ అనే గొలుసుకట్టు రాత, గ్రీకు. ఫ్రెంచివాడు షాంపొలియన్ చేసిన ఒక చిన్న లెక్క నాకు చాలా ఇష్టం. గ్రీకు భాగంలో 486 మాటలున్నాయి, బొమ్మల భాగం చాలా విరిగిపోయినా మిగిలినదాంట్లోనే 1,419 గుర్తులున్నాయి. ఒక్కో బొమ్మ ఒక్కో మాటే అయితే ఇన్నెందుకుంటాయి? అంటే చాలావరకు శబ్దాలే అయ్యుండాలి. పోనీ అన్నీ అక్షరాలేనా అంటే అదీ కాదు, వేర్వేరు గుర్తులు అక్షరమాలకి మరీ ఎక్కువ. 1822 సెప్టెంబరులో ఒక రాజు పేరు చూశాడు: సూర్యబింబం, తర్వాత ఒక బొమ్మ, తర్వాత స, స. పాత ఈజిప్ట్ భాషకి చివరి రూపమైన కోప్టిక్ భాషలో సూర్యుణ్ని ‘రే’ అంటారని, పుట్టించడాన్ని ‘మిసే’ లాంటి మాటతో చెబుతారని అతనికి తెలుసు. రా-మెస్-స-స, రామ్సెస్! అర్థం చెప్పే గుర్తూ శబ్దం చెప్పే గుర్తూ ఒకే పేరులో పక్కపక్కన కూర్చున్నాయి. తాళం తెరుచుకుంది అక్కడే.

అచ్చులు రాయకపోవడం వల్ల ఒక ఇబ్బంది మనకి ఇప్పటికీ మిగిలింది. ‘నెఫెర్’ అని మనం పలికేది అసలు పలుకుబడి కాదు, హల్లుల మధ్య ఎ పెట్టి పలకడం పండితులు చేసుకున్న ఏర్పాటు. ఒక రాజు పేరుని మనం నెబ్‌మాత్‌రే అని చదువుతాం, అదే రాజుకి పొరుగు దేశాల నుంచి వచ్చిన మట్టి పలకల ఉత్తరాల్లో, అచ్చులు కూడా రాసే క్యూనిఫాం లిపిలో, నిమ్మురియా అనే ధోరణిలో ఉంది. పాపం ఆయన ఇవాళ మన క్లాసులోకి వస్తే హాజరు పిలిచినప్పుడు పలకడు.

అంటే ఇంగ్లీష్ పూర్తిగా శబ్దాల లిపి, ఈజిప్ట్‌ది మాత్రం కలగాపులగం అని అనుకోకండి. ఇంగ్లీష్‌లో ‘టూ’ అని మూడు మాటలున్నాయి, మూడూ వేర్వేరు స్పెల్లింగులు. రెండు అనే అర్థంలో రాసే టూలో మధ్యన డబ్ల్యూ ఏం పీకుతోంది? పలకదు, కానీ కంటికి ‘ఇది అంకె’ అని చెబుతుంది. అది కూడా ఒకరకం సైగ బొమ్మే. 5 అని రాస్తే ఇంగ్లీష్ వాడు ఫైవ్ అంటాడు, మనం ఐదు అంటాం, అంకెలన్నీ అర్థం చెప్పే గుర్తులే. ఇక ఫోన్లో ‘గ్రేట్’ అనడానికి జీ, ఆర్ కొట్టి 8 పెట్టే కుర్రాళ్లు నర్మెర్ కాలపు పద్ధతినే వాడుతున్నారు. తేడా మోతాదులో ఉంది.

ఇప్పుడు మీ చార్ట్‌కి వద్దాం. అందులో నిజం ఎంత? సగానికి పైగా సరైనదే. ఎందుకంటే ఈజిప్ట్ వాళ్లే విదేశీ పేర్లు రాయాల్సి వచ్చినప్పుడు దాదాపు ఇలాగే చేశారు. అలెగ్జాండర్ తర్వాత దేశాన్ని గ్రీకు వంశం ఏలింది. టాలెమీ, క్లియోపాత్రా లాంటి పేర్లు వాళ్ల భాషవి కావు, అందుకని ఒక్కో గుర్తూ పేర్చి వినబడినట్టు రాశారు. పాత ఈజిప్షియన్‌లో ల కి విడిగా గుర్తు లేదు, ‘ర-వ’ అని పలికే పడుకున్న సింహాన్ని తెచ్చి ల గా వాడుకున్నారు. చార్టులో ఎల్ ఎదురుగా సింహం, ఓ ఎదురుగా తాడు ఉచ్చు ఉన్నాయి చూడండి, అవి క్లియోపాత్రా పేరులోంచి వచ్చినవే.

తప్పు ఎక్కడంటే, ఏ ఎదురుగా రాబందుని పెట్టడం. రాబందు అచ్చు కాదండి, గొంతులో ఆగి వచ్చే ఒక హల్లు, ఇంగ్లీష్‌లో గానీ తెలుగులో గానీ దానికి అక్షరం లేదు. చెయ్యి బొమ్మదీ అదే కథ, అది అరబ్బీలో ‘ఐన్’ అనే గొంతు శబ్దం. హ లాంటివి నాలుగు వేర్వేరు ఉంటే చార్టులో హెచ్ దగ్గర ఒక్కటే చూపిస్తారు. ఎక్స్‌కి ఏమీ లేదు, క, స కలిపి అతికిస్తారు. మన ట, డ, ణ, ళ లకి అసలు దిక్కే లేదు.

ఒకాయన నాకు ఫొటో పంపాడు, చేతి మీద కూతురి పేరు ఈజిప్ట్ లిపిలో పచ్చబొట్టు పొడిపించుకున్నాడు. పేరులో మూడు చోట్ల ఏ అక్షరం, అందుకని మూడు రాబందులు. కూతురి పేరు మీద మూడు రాబందులు వాలినట్టుంది అని నోటిదాకా వచ్చింది గానీ మింగేశాను, చెరిపేది కాదు కదా. పైగా పక్షులన్నీ పేరు మొదటివైపు కాక చివరివైపు తిరిగి ఉన్నాయి. ఇది అందరూ చేసే తప్పు: బొమ్మలు ఎటు చూస్తున్నాయో అటునుంచి చదవాలి. పక్షులు, మనుషులు ఎడమవైపు చూస్తుంటే ఎడమనుంచి కుడికి, కుడివైపు చూస్తుంటే కుడినుంచి ఎడమకి. ఎదురొచ్చే వాళ్ల ముఖాలు చూస్తూ నడిచినట్టు అన్నమాట. వాళ్లు రెండు వైపులా రాసేవారు, పైనుంచి కిందికీ రాసేవారు, గుడి ద్వారానికి అటూ ఇటూ అద్దంలో చూసినట్టు ఎదురుబొదురుగా చెక్కేవారు. ఇంగ్లీష్‌కి ఆ సౌకర్యం లేదు, బీని తిప్పి రాస్తే టీచర్ కొడుతుంది.

ఇంకో మెలిక, గౌరవం కోసం వరస మార్చడం. టుటన్‌ఖామున్ పేరు చెక్కినప్పుడు చివర పలకాల్సిన అమున్ దేవుణ్ని ముందు రాశారు, ఎంతైనా దేవుడు కదా. మనం కాగితం మీద పైన శ్రీ చుట్టినట్టు. కానీ చదివేటప్పుడు మాత్రం దేవుడు చివరికే వస్తాడు. ఇంగ్లీష్ స్పెల్లింగే కష్టమనుకునే పిల్లలకి ఇది చెబితే నోరెళ్లబెడతారు.

సరే, ఏబీసీడీలు ఈజిప్ట్ బొమ్మల్లోంచి పుట్టాయని చెప్పాను కదా, ఆ సంగతి. సినాయ్ ఎడారిలో సెరాబిత్ అల్-ఖాదిమ్ అనే చోట ఈజిప్ట్ రాజులు నీలీ ఆకుపచ్చా కలిసిన రంగు రాయి, అంటే టర్కాయిజ్, తవ్వించేవారు. అక్కడికి కనాను ప్రాంతం (ఇప్పటి ఇజ్రాయెల్, పాలస్తీనా, లెబనాన్ వైపు) నుంచి సెమిటిక్ భాషలు, అంటే హీబ్రూ, అరబ్బీల కుటుంబం భాషలు, మాట్లాడేవాళ్లు కూడా పనికి వచ్చేవారు. చుట్టూ రాళ్ల మీద అధికారులు చెక్కించిన బొమ్మల రాత. దాన్ని చదవడానికి ఏళ్ల తరబడి చదువు కావాలి. వీళ్లు ఏం చేశారంటే, సుమారు క్రీ.పూ. 1800 ప్రాంతంలో, ఆ బొమ్మల్లో ఓ ఇరవై ముప్పై తీసుకుని, వాటికి తమ భాషలో పేర్లు పెట్టుకుని, ప్రతి పేరులో మొదటి శబ్దాన్ని మాత్రమే ఉంచుకున్నారు.

ఎద్దు తల వాళ్ల భాషలో ‘అలెఫ్’, అది మొదటి అక్షరం. ఇల్లు ‘బేత్’, అది బ. మన బాలశిక్ష గుర్తు తెచ్చుకోండి: ఆ ఆవు, ఇ ఇల్లు. వాళ్ల వరసలో కూడా మొదట పశువు, తర్వాత ఇల్లు! కాకతాళీయమే గానీ నాకు మాత్రం ఇది చెప్పినప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది. ఇంగ్లీష్ ఏని తలకిందులుగా తిప్పి చూడమనండి మీ అమ్మాయిని, రెండు కొమ్ముల ఎద్దు తల కనిపిస్తుంది. ఎమ్ నీటి అల, ఓ కన్ను, కే అరచెయ్యి, ఆర్ మనిషి తల.

ఇక్కడే చార్ట్ తలకిందులవుతుంది. నీటి అల ఈజిప్ట్ వాళ్లకి న శబ్దం. మరి ఇంగ్లీష్‌లో అది ఎమ్ ఎందుకైంది? సెమిటిక్ భాషలో నీళ్లని ‘మేమ్’ అంటారు గనక. ఇల్లు ఈజిప్ట్‌లో ‘ప-ర’, వీళ్లకి బ. అంటే ఆకారం ఈజిప్ట్‌ది, శబ్దం పనివాళ్లది. ఈజిప్ట్ వాళ్ల దగ్గర సిద్ధంగా ఉన్న ఆ 24 ఒంటి హల్లుల జాబితాని ఎవరూ ఎత్తుకెళ్లలేదు, దాని గురించి తెలిసినట్టు కూడా లేదు. ఈ రాతల్ని 1905లో పురావస్తు తవ్వకాల మనిషి ఫ్లిండర్స్ పెట్రీ కనిపెట్టాడు. 1916లో ఈజిప్ట్ భాషా పండితుడు అలన్ గార్డినర్ అక్కడ దొరికిన ఒక చిన్న స్ఫింక్స్ (సింహం ఒళ్లూ మనిషి తలా ఉన్న శిల్పం) మీద ‘బ-అ-ల-త’, అంటే అమ్మవారు, అనే మాట చదివాడు. దాని మీద ఈజిప్ట్ లిపిలో కూడా హాథోర్ దేవత పేరుంది. ఆ స్ఫింక్స్ ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియం వాళ్ల దగ్గరే ఉంది. రొజెట్టా రాయి చుట్టూ జనం ఫోన్లు పైకెత్తి తోసుకుంటుంటారు గానీ, వాళ్ల ఫోన్లో కొట్టే అక్షరాలకి పుట్టిల్లు ఈ చిన్న రాయి అని చాలామందికి తెలియదు.

తర్వాతి ప్రయాణం తొందరగా చెప్పేస్తా. లెబనాన్ తీరపు వర్తకులు ఫినీషియన్లు దాన్ని 22 హల్లులుగా సాపు చేశారు, గ్రీకులు తమకి అక్కర్లేని గొంతు హల్లుల్ని అచ్చులుగా మార్చేశారు (అలెఫ్ అలా ఆల్ఫా అయింది, అచ్చయింది), ఇటలీలో ఉండే ఎట్రుస్కన్ల మీదుగా రోమన్లకి చేరింది. జీ రోమన్ల చేర్పు. జే, యూ, డబ్ల్యూ మరీ కొత్తవి, జే విడిగా నిలబడింది గత నాలుగైదు వందల ఏళ్లలోనే. మన తెలుగు లిపికి మూలమైన బ్రాహ్మి కూడా ఇదే చెట్టుకి చెందిన అరమాయిక్ నుంచి వచ్చిందని చాలామంది పండితుల మాట, ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు, ఆ తగువులోకి ఇప్పుడు వెళ్లను.

క్లాసులో ఎప్పుడూ వచ్చే ప్రశ్న ఇంకొకటి: చేతిలో 24 గుర్తులు ఉండగా మిగతావన్నీ పారేసి హాయిగా అక్షరమాల చేసుకోవచ్చుగా, ఎందుకు చేసుకోలేదు? నా అభిప్రాయం చెబుతాను. వాళ్లకి అవసరం అనిపించలేదు. అచ్చులు లేని రాతలో సైగ బొమ్మలు తీసేస్తే చదవడం తేలిక కాదు, నరకం అవుతుంది, పైన ‘క-ల’ చూశారుగా. పైగా చదువు వచ్చినవాళ్లు కొద్దిమందే, ఆ చదువే వాళ్లకి కూడూ హోదా. రోజువారీ లెక్కలకీ ఉత్తరాలకీ ఈ అందమైన బొమ్మలు గీసుకుంటూ కూర్చునేవాళ్లు కూడా కాదు, పపైరస్ మీద గబగబా రాసే హైరాటిక్ అనే గొలుసుకట్టు ఉండేది. బొమ్మల లిపిలో తేదీ తెలిసిన చివరి శాసనం ఫిలే గుడిలో ఉంది, క్రీ.శ. 394 ఆగస్టు 24. అంటే సుమారు మూడున్నర వేల ఏళ్లు నడిచిన లిపి. పనికిరానిదైతే అన్నాళ్లు నడవదు.

ప్రాజెక్టు విషయం. చార్ట్ చించెయ్యకండి, పైన ‘విదేశీ పేర్లు రాసే పద్ధతి’ అని శీర్షిక మార్చమనండి చాలు. పేర్లలో అచ్చులు చాలావరకు తీసేసి హల్లులే ఉంచమనండి. రాము అయితే నోరు, గుడ్లగూబ, కౌజుపిట్ట పిల్ల, చివర కూర్చున్న మగమనిషి. కమల అయితే పిడి ఉన్న బుట్ట, గుడ్లగూబ, సింహం, చివర కూర్చున్న ఆడమనిషి. అందరి పేర్ల చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో గీత గీసిందని రాశారు, అది రాజులకీ రాణులకీ మాత్రమే. మీ ఇంట్లో ఎవరికి ఉంచాలో మీరూ మీ ఆవిడా తేల్చుకోండి.

పక్కన ఒక నిజమైన ఈజిప్ట్ మాట కూడా పెట్టమనండి, నేను పిల్లలకి మొదటి రోజు నేర్పేది ఇదే: ‘మి’ అని పలికే పాల చెంబు, రెల్లు ఆకు, కౌజుపిట్ట పిల్ల, చివర తోక చుట్టుకు కూర్చున్న పిల్లి. ‘మియూ’ అని చదువుకోవాలి. ఏ జంతువో వేరే చెప్పక్కర్లేదు కదా. ఒకసారి ఒక పిల్లాడు ఆ చివరి పిల్లిని కూడా చదువుతాడేమో అనుకుని రెండుసార్లు మియూ మియూ అన్నాడు, సైగ బొమ్మని పైకి చదవకూడదని ఆ రోజు క్లాసంతా నేర్చుకుంది.